చెత్త బండికి టైమ్‌టేబుల్ రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది నల్గొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో. మా వీధి మలుపులో పాత వాటర్ ట్యాంకు గోడ పక్కన ఇదివరకు పెద్ద ఇనుప చెత్త డబ్బా ఉండేది. ఊళ్ళో డబ్బాలే ఉండకూడదని మూడేళ్ళ కింద దాన్ని ఎత్తుకుపోయారు. ఆ చోట సున్నం కొట్టి, ముగ్గు వేసి, ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని బోర్డు పెట్టారు. ఇప్పుడు చెత్త ఆ బోర్డు కిందే, నేల మీద పడుతోంది.

వేసేవాళ్ళకు బుద్ధి లేదని మా వీధిలో అందరూ అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజమేమిటో చూద్దామని మొన్న రెండు వారాలు పొద్దున, రాత్రి ట్యాంకు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. ఎవరు ఏ టైమ్‌కు వేస్తున్నారో నోట్‌బుక్‌లో రాశాను. టికెట్ మిషన్లు రాకముందు స్టేజీ స్టేజీకి ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసిన చెయ్యి కదా, ఆ అలవాటు ఇంకా ఉంది.

చెత్త ఆటో మా వీధికి వచ్చేది తొమ్మిదిన్నర, పది మధ్య. ఒక్కోరోజు పదకొండు. కొన్ని రోజులు రానేరాదు. ట్యాంకు దగ్గర సంచులు పడేదేమో పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, మళ్ళీ రాత్రి తొమ్మిది తర్వాత. పొద్దున వేసేవాళ్ళు ఫస్ట్ బస్సు పట్టుకొని పనికి పోయేవాళ్ళు. రాత్రి వేసేవాళ్ళు అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళు, చికెన్ షాపు పిల్లలు, టిఫిన్ బండ్లవాళ్ళు. ఆటో వచ్చే టైమ్‌కు వీళ్ళలో ఒక్కరూ ఇంట్లో ఉండరు.

ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒక తల్లిని ఆపి అడిగాను. ఆమె నన్ను కోప్పడలేదు. “సార్, బండి వచ్చేసరికి నేను డ్యూటీలో ఉంటా. ఉన్నది ఒక్కటే గది. చేపలు కడిగిన చెత్త అందులో పెట్టుకొని పిల్లలు ఎట్లా పడుకుంటరు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు జరిమానా వేస్తే ఏం మారుతుంది?

నైట్ హాల్ట్ బస్సుల మీద నేను చాలా ఏళ్ళు తిరిగాను. పల్లెల్లో కరెంటు లేకపోయినా, చలికాలమైనా, జనం రోడ్డు మీద నిలబడి ఎదురుచూసేవారు. టైమ్‌కు బస్సు వస్తుందని వాళ్ళకు నమ్మకం. రెండు రోజులు వరసగా ఆలస్యమైతే మూడోరోజు ఆటో ఎక్కి పోయేవారు. అప్పుడు డిపోలో ప్యాసింజర్లను తప్పు పట్టేవాళ్ళం కాదు, టైమింగ్ మార్చేవాళ్ళం. చెత్త బండికీ ఆ లెక్కే వర్తిస్తుంది. గదులు ఎక్కువగా ఉన్న వీధులకు తెల్లారి ఐదున్నరకు ఒక ట్రిప్, రాత్రి ఎనిమిదిన్నరకు ఒక ట్రిప్ వేయండి. ఆ టైమ్‌ను గోడ మీద రాయండి. తప్పకుండా రండి.

ఆటో నడిపే అబ్బాయితోనూ మాట్లాడాను. ఆలస్యం అతని తప్పు కాదని అర్థమైంది. బండి నాలుగైదు వీధులకే నిండిపోతుంది. దింపడానికి ఊరి బయట యార్డుకు పోయి రావాలి. తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది, మిగిలిన వీధులు ఆ రోజుకు అంతే. ఆర్టీసీలో దీన్ని డెడ్ కిలోమీటర్లు అంటాం, డీజిల్ కాలుతుంది, ప్యాసింజర్ ఉండడు. ఊరి మధ్యలో ఆటోలు చెత్త దింపి పోవడానికి ఒక చోటు ఉంటే, అక్కడి నుంచి పెద్ద బండి ఒకేసారి యార్డుకు తీసుకుపోతుంది. పైన రేకులు, కింద సిమెంటు నేల, నీళ్ళు పోవడానికి వాలు, ఒక నల్లా, ఒక లైటు, తడి పొడి చెత్తలకు వేరే అరలు, కాపలాకు ఒక మనిషి ఉంటే చాలు. చికెన్ షాపువాళ్ళు, టిఫిన్ బండ్లవాళ్ళు రాత్రి పదిన్నర దాకా అక్కడికే తెచ్చి వేస్తారు. ఇళ్ళకు, బడికి దూరంగా, సంత వెనకాల స్థలం చూడాలి. రోజుకు ఎంత వస్తుందో దానికి రెట్టింపు పట్టేలా కట్టాలి. పెద్ద బండి ఒకరోజు చెడిపోయినా చెత్త రోడ్డు మీదికి రాకూడదు.

ఇది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఈ మాట వచ్చింది. వీధి వ్యాపారులు చెత్తను డబ్బాలో దాచి, స్థానిక సంస్థ చూపిన కేంద్రంలోనో బండిలోనో వేయాలని రాశారు. చోటే చూపించకుండా టిఫిన్ బండివాడిని ఎక్కడ వేయమంటాం? రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలను అందులో వేరుగా లెక్కించారు. మా వీధి చివరి ఫంక్షన్ హాలుకు ఆ లెక్క ఎవరైనా కట్టారో లేదో గానీ, పెళ్ళి అయిన తెల్లారి విస్తరాకులు, ఎంగిలి అన్నం ట్యాంకు గోడకే చేరతాయి. కుక్కలు వాటిని బడి గేటు దాకా లాగుతాయి. పిల్లలు గుంపుగా తప్ప ఒక్కరూ ఆ దారిన నడవడం లేదు.

డబ్బాలు తీయడమే తప్పని నేను అనను. 2003, 2004 ప్రాంతంలో నా డ్యూటీ సూర్యాపేట మీదుగా పడేది. అప్పుడు అక్కడ ఎస్.ఎ. ఖాదర్ గారు మున్సిపల్ కమిషనర్. చెత్త డబ్బాలు లేని పట్టణమని సూర్యాపేటకు దేశమంతా పేరొచ్చింది. ఇంటింటికీ వెళ్ళి తడి, పొడి వేరుగా తీసుకునేవారు, తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేసేవారు. డబ్బా చేసే పనిని అక్కడ బండి చేసింది. మా దగ్గర ఆ పని ఎవరికీ అప్పజెప్పకుండా డబ్బా ఒక్కటి తీశారు.

దాని బరువు మోస్తున్నది పారిశుధ్య కార్మికురాలు. పొద్దున్నే వచ్చి నేల మీది కుప్పను పారతో, మిగిలింది చేత్తో ఎత్తుతుంది. పోయిన నెల గాజు పెంకు గుచ్చుకొని ఆమె బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు కట్టుతోనే పనికి వచ్చింది.

నేను రాసిన టైమింగుల జిరాక్సు మా వార్డు శానిటరీ జవానుకు ఇచ్చాను. అధికారులు ఎవరైనా వస్తే అసలు నోట్‌బుక్ చూపిస్తాను. తెల్లారి ఐదున్నరకు రండి, ట్యాంకు ఎదురుగా అరుగు మీదే ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
నల్గొండ జిల్లా