కెమెరా పట్టినవారికి ఆముక్తమాల్యద

సంపాదక మహాశయులకు,

ప్రకృతి ఛాయాచిత్రకళ నేర్చుకోవాలనుకునే మన యువతీయువకులు ప్రేరణ కోసం ఆఫ్రికా సింహాల చిత్రాలనూ, లక్షల రూపాయల లెన్సులనూ చూస్తున్నారు. వారి దృష్టిని మన పద్యాల వైపు, పాత చిత్రాల వైపు, ఊరి చెరువు వైపు మళ్లించడానికి మీ పత్రిక పూనుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు వర్ణన సందర్భాన వచ్చే ‘తలఁ బక్షచ్ఛటఁ గ్రుచ్చి’ అనే పద్యం సాహిత్య విద్యార్థులకు పరిచితమే. వరిపొలాల కాలువల్లో బాతులు రెక్కల్లో తల దూర్చుకుని నిద్రపోతుంటే, వేకువనే స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి ముద్దచేసి మరిచిపోయిన బట్టలనుకుని, వాటిని వారి ఇళ్లకు చేర్చుదామని తలారులు (ఊరి కాపలాదారులు) రేవులోకి దిగుతారు. బాతులు గబగబా పారిపోతాయి, చేలకు కాపలా ఉన్న ఆడపిల్లలు అది చూసి నవ్వుతారు. నిద్రలో పక్షి ఒళ్లు ఏ ఆకారంలోకి ముడుచుకుంటుందో, తెల్లవారుజాము మసక వెలుతురులో అది కంటికి ఎలా కనిపిస్తుందో, మనిషి ఎంత దగ్గరికి వస్తే బెదురుతుందో దగ్గరుండి గమనించిన వ్యక్తి మాత్రమే రాయగలిగిన పద్యమిది. పక్షితోపాటు కాలువనూ, వేళనూ, అక్కడి మనుషులనూ ఒకే చట్రంలో ఇమిడ్చిన ఆ చూపును ఏ శిక్షణ తరగతీ ఇంత చక్కగా నేర్పలేదని నా నమ్మకం. తలారులు దిగిన చోటే ఛాయాచిత్రకారుడు ఆగిపోవాలన్న పాఠం కూడా అందులోనే ఉంది.

చిత్రకళలో జహంగీరు ఆస్థానానికి చెందిన ఉస్తాద్ మన్సూర్ పేరు తప్పక చెప్పుకోవాలి. ఆయన గీసిన సైబీరియా కొంగ చిత్రం కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉంది. శీతకాలంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చే ఆ కొంగలు 2002 తరువాత అక్కడ కనిపించలేదు. ఈనాడు మనం తీసే మామూలు పిట్ట ఫొటో కూడా రేపటికి సాక్ష్యమవుతుందని ఆ చిత్రం చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక మన ప్రాంతానికి వస్తే, 1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నాటి హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షులను సర్వే చేశారు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులోనూ, కొల్లేటి ఆటపాకలోనూ, నేలపట్టులోనూ గూడకొంగలను (పెలికాన్లను) నేటికీ చూడవచ్చు. అంతదూరం వెళ్లలేనివారికి గిజిగాడు చాలు. వానకాలంలో మగపిట్ట పచ్చి గడ్డిపోచలతో గూడు సగం అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్టకు నచ్చకపోతే దాన్ని వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది. ఊరిబావి మీదికి వంగిన ఈతచెట్టు దగ్గర రోజూ కాసేపు ఓపికగా, దూరంగా కూర్చుంటే ఈ కథంతా కెమెరాకు దక్కుతుంది. అయితే చిత్రం స్పష్టంగా రావాలని గూటికి అడ్డొచ్చిన కొమ్మలు విరిచేవారిని చూస్తుంటే బాధ కలుగుతుంది. ఆ మరుగు పోతే గుడ్లూ పిల్లలూ కాకుల పాలవుతాయి.

అందువల్ల మీ ఆదివారం సంచికలో పాఠకులు తీసిన స్థానిక పక్షులు, జంతువుల చిత్రాలకు కొంత చోటు కేటాయించవలసిందిగా మనవి. చిత్రం కింద ఆ ప్రాణి తెలుగు పేరు, ఊరు, కాలం, అది ఏంచేస్తున్నదీ రాయించండి. వారికి స్ఫూర్తినిచ్చిన పద్యమో, చిత్రమో ఉంటే దానినీ ప్రస్తావించనివ్వండి. గూళ్లను మరీ దగ్గరగా తీసిన చిత్రాలనూ, దసరాకు పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టల చిత్రాలనూ మాత్రం దయచేసి స్వీకరించకండి. పాలపిట్టను పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతిని ఆ పండుగ రోజుల్లోనే ప్రచురిస్తే ఎక్కువమందికి చేరుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు