మా నాన్న నొప్పికి ఒక పేరుంది, మంత్రి గారూ

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

మా నాన్న మే నెల ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపేసుకుని కూర్చుంటారండి. గాలి తగిలితే ఎడమ చెయ్యి కారం పూసినట్టు మండుతుందట. పాత మెత్తటి పంచె ముక్క ఒకటి చుట్టుకుంటారు, దానికి పొరపాటున గంజి తగిలిందా, ఆ రోజు ఇల్లంతా టెన్షనే. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. నడక వచ్చింది, మాట వచ్చింది, చూసినవాళ్లంతా కోలుకున్నారు, అదృష్టవంతులు అంటారు. మూడో నెలలో మొదలైన ఈ మంట మాత్రం పోలేదు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ రాశారు. ఇంకోచోట, అంతా మనసులో దిగులు అన్నారు. ఏడాది తిరిగాక ఒక న్యూరాలజిస్టు గారు ఎంఆర్ఐ ఫిల్మ్ వెలుతురుకు పెట్టి, నొప్పి పుట్టేది చేతిలో కాదమ్మా, ఇదిగో ఇక్కడ అని మెదడు నడుమ ఉండే థాలమస్ దగ్గర వేలు పెట్టి చూపించారు. ఒంట్లోంచి వచ్చే స్పర్శ, వేడి, చలి అక్కణ్ణుంచే పై మెదడుకు చేరతాయి, అక్కడ దెబ్బతింటే చల్లగాలి కూడా మంటగా తెలుస్తుంది. దీని పేరు థాలమిక్ సిండ్రోమ్ అట. డెజెరిన్, రూసీ అనే ఫ్రెంచ్ డాక్టర్లు 1906లోనే దీన్ని వివరంగా రాశారు. అంత పాత జబ్బును పట్టుకుని మా నాన్నది దిగులు అన్నారంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి పనిచేయవు. అమిట్రిప్టిలిన్, ప్రీగాబాలిన్ వాడుతున్నాం, కొంత తగ్గింది, సగం రోజు మగతలోనే పోతోంది. మందులకు లొంగనివాళ్ల కోసం డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ప్రయత్నిస్తున్నారు. మెదడు లోపలికి సన్నని వైర్లు పంపి, ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన బ్యాటరీతో చిన్న చిన్న కరెంటు ఇస్తారు. ఇది గ్యారంటీ వైద్యం అని నేను అనడం లేదు. అమెరికాలో వణుకుకు 1997లో, పార్కిన్సన్‌కు 2002లో అనుమతి వచ్చింది కానీ నొప్పికి రాలేదు, కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం ఉంది. అయినా పని ఆగలేదు. 2023లో శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు నలుగురి మెదడులో నెలల తరబడి సంకేతాలు రికార్డు చేసి, నొప్పి ఎక్కువ తక్కువలను వాటి నుంచి గుర్తించగలిగారు. ఆ నలుగురిలో ముగ్గురిది మా నాన్నలాంటి నొప్పే.

మన నిమ్స్‌లో పార్కిన్సన్ రోగులకు ఈ ఆపరేషన్ చేస్తున్నారు కదా. అదే టీముతో, ఎథిక్స్ కమిటీ అనుమతితో, ముందు కొన్ని రోజులు వైర్లు బయట ఉంచి పరీక్షించి, ఫలితం కనిపించినవాళ్లకే బ్యాటరీ పెట్టేలా, రోగి మీద పైసా పడకుండా ఒక పరిశోధన మొదలుపెట్టించండి. ఫలితాలు మంచివైనా చెడ్డవైనా బయట పెట్టించండి. మా నాన్నను చేర్చుకోమని అడగడం లేదు, ఆయన వయసుకు, షుగరుకు కుదరకపోవచ్చు. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద, పక్కవాళ్లు తగులుతారని చెయ్యి ఒళ్లో దాచుకుని కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

దానికి టైం పడుతుంది, తెలుసు. ఈలోపు ఖర్చు లేని పని ఒకటుంది. పక్షవాతం రోగి చెకప్‌కు వచ్చిన ప్రతిసారీ, చన్నీళ్లు తగిలితే మండుతోందా అని అడిగి ఆ జవాబు చీటీలో రాయమని జిల్లా ఆసుపత్రులన్నిటికీ ఒక ఉత్తర్వు పంపండి. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే మా నాన్నకు ఒక ఏడాది మిగిలేది.

ఇట్లు,
ఒక కూతురు