హెడ్డు బిగించే ముందు ఇది చూసుకోండి

అన్నలూ, తమ్ముళ్లూ, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత అయిన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య లీకు కాకుండా వేసే పొర) మార్చిన బండి నెల తిరక్కుండా మళ్లీ నీళ్లు (కూలెంట్) తాగుతోందంటే, గ్యాస్కెట్‌ని తిట్టే ముందు బోల్టులు ఎలా బిగించారో అడగండి. చాలా ఇంజన్లలో బ్లాకులో బోల్టు రంధ్రాలకు అడుగు మూసుకుని ఉంటుంది. లోపల ఆయిలో కూలెంటో మిగిలితే బోల్టు దాన్ని నొక్కుతుంది. అది అణగదు కదా, అనుకున్న టార్క్ (తిప్పే బలం) వచ్చేసిందని రెంచ్ టిక్కుమంటుంది, హెడ్డు మాత్రం బిగుసుకోదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. అందుకే గాలి కొట్టి (కళ్లద్దాలు పెట్టుకోండి బాబూ), టార్చ్ వేసి చూడండి.

బిగింపు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో. విప్పేటప్పుడు బయటి నుంచి లోపలికి, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే.

మాన్యువల్‌లో ముందు ఇంత టార్క్, ఆపైన 90 డిగ్రీలు అని ఉంటే అవి చాలావరకు సాగే రకం బోల్టులు. కస్టమర్ ఎంత బేరమాడినా కొత్తవే వేయండి. డిగ్రీల గేజ్ లేకపోతే బోల్టు తల మీద పెయింట్ చుక్క పెట్టుకుని తిప్పండి, పావు చుట్టు తెలిసిపోతుంది. మరలకు ఆయిల్ రాయాలా వద్దా అన్నదీ మాన్యువల్ ప్రకారమే. పొడి బోల్టుకు, ఆయిల్ రాసిన బోల్టుకు ఒకే టార్క్‌లో బిగింపు ఒకేలా రాదు.

మీ దగ్గర ఏ ఇంజన్ మాన్యువల్ ఉన్నా ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి.