మా ల్యాబ్‌లో వండేది ఇదీ!

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? బుడ్డోడి జలుబు తగ్గిందా? మొన్న ఫోన్‌లో "మీ ల్యాబ్‌లో అసలేం వండుతార్రా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే బస్సొచ్చిందని పెట్టేశావు. ఇప్పుడు తప్పించుకోలేవు, చదువు.

మేం చేసేవి లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్లు, అంటే చిన్న చిన్న అణువులు గొలుసుల్లా అతుక్కున్న ఒక రకం ప్లాస్టిక్కులు. కరిగాక కూడా వీటి గొలుసులు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. ఆ దశ పేరు నెమాటిక్. అందులోంచి దారం తీస్తే భలే గట్టిది వస్తుంది. చిక్కల్లా కరిగించడంలోనే. పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం ఒక్కదానితోనే గొలుసు కట్టావనుకో, 330 డిగ్రీలు దాటాక స్ఫటికం రూపు మారుతుందే గానీ కరగదు. ఇంకా మంట పెంచితే మాడి ఊరుకుంటుంది.

అందుకే గొలుసులో వేరే ముక్క కలుపుతారు. వెక్ట్రా అనే ప్లాస్టిక్‌లో నూటికి 27 పాళ్లు హైడ్రాక్సీ నాఫ్తోయిక్ ఆమ్లం. దాని రెండు కొసలూ ఒకే గీత మీద ఉండవు. చీపురుకట్టలో అక్కడక్కడా వంకర పుల్లలు దూర్చినట్టు, కట్ట బిగుసుకోదు, కానీ పుల్లలన్నీ ఒకవైపే ఉంటాయి. 280 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది! విడిగా చూస్తే ఆ రెండో ఆమ్లం గొలుసు కూడా మొండిదే, ఇంతకంటే చాలా ఎక్కువ వేడి అడుగుతుంది.

నాకు మహా ఇష్టమైన కథ మాత్రం 1976 నాటిది. అమెరికాలో టెనెసీ ఈస్ట్‌మన్ అనే కంపెనీలో జాక్సన్, కుఫస్ అనే ఇద్దరు మన నీళ్ల సీసాల ప్లాస్టిక్ పెట్‌లో ఈ బెంజోయిక్ ముక్కలు పెంచుతూ పోయారు. మొదట కరిగిన ముద్ద చిక్కబడింది. 30 పాళ్లు దాటాక ఉన్నట్టుండి పలచబడటం మొదలైంది! గొలుసులు వరస కట్టి జారడం మొదలుపెట్టాయన్నమాట. అంతకు తక్కువైతే మామూలు ప్లాస్టిక్కే, నెమాటిక్ లేదు. పాళ్లు ఎటు తేడా వచ్చినా కష్టమే.

ఇక మా రోజువారీ సంగతి. గొలుసు కట్టేటప్పుడు బయటపడే అసిటిక్ ఆమ్లం ఆవిరైపోతుంటే గది నిండా వెనిగర్ కంపు, షర్టుకి కూడా. చిటికెడు తీసి వేడి పలక మీద పెట్టి పోలరైజింగ్ ఫిల్టర్లున్న మైక్రోస్కోప్‌లో చూస్తే, చీకట్లోంచి మెల్లగా రంగులు, వాటి మధ్య నల్లని దారాలు. ముద్ద ఎంత వేడి పీల్చిందో చూపే గ్రాఫులో మాత్రం ఈ కరిగే మార్పు ఓ చిన్న గుబ్బ, కళ్లు చికిలించి వెతకాలి.

"కరిగే వేడిని ఇంకా కిందికి దించొచ్చుగా" అంటావేమో. దించొచ్చు. కానీ ఇవి వెళ్లేది ఫోన్ కనెక్టర్లలోకి, అక్కడ టంకం వేడే 260 దాకా ఉంటుంది. కాబట్టి ఎంత దించాలో కొనేవాడే తేలుస్తాడు.

ఈసారి ఫోన్ చేస్తే బస్సెక్కి కూర్చున్నాక చెయ్యి.

నీ,
రవి