ఐదు నిమిషాల పనే కదా అని బ్యాటరీ తీయనివ్వకపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాను. ఈ ఉత్తరం మా వెల్డర్ల కోసమే కాదు, బండి తెచ్చి నిలబెట్టి "చిన్న వెల్డింగే కదా, తొందరగా కానిచ్చేయ్" అనే ఓనర్ల కోసం కూడా.

తప్పు నేనూ చేశాను. ఒక వ్యాన్‌కి వెనక సైలెన్సర్ బ్రాకెట్ విరిగితే, బ్యాటరీ తీయకుండానే, కేబుల్ అందుతోంది కదా అని, కరెంటు మెషిన్‌కి తిరిగి వెళ్లే కేబుల్ చివర ఉండే పట్టుని, అంటే ఎర్త్ క్లాంప్‌ని ముందు బంపర్ దగ్గర పెయింట్ మీదే తగిలించాను. బ్రాకెట్ బాగానే అతుక్కుంది. బండి స్టార్ట్ చేస్తే ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది, మళ్లీ ఆరలేదు. కంట్రోల్ యూనిట్ కాలిపోయింది. క్లాంప్ తీసి చూస్తే దాని పళ్ల కింద పెయింట్ నల్లగా మాడి, ఇనుములో చిన్న గుంట పడి ఉంది. ఆ మచ్చ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

వెల్డింగ్ కరెంటు వంద ఆంపియర్లు ఉందనుకోండి, అదంతా మెషిన్‌కి తిరిగి వెళ్లాల్సిందే. దగ్గర దారి దొరక్కపోతే బేరింగుల గుండా, గేర్‌బాక్స్ గుండా, వైరింగ్ గుండా పోతుంది. ఇప్పటి బళ్లలో చాలా సెన్సర్లు 5 వోల్టుల మీద నడుస్తాయి, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ రెండు మెలేసిన సన్న తీగల మధ్య తేడా 2 వోల్టులే. వాటికి ఈ దెబ్బ ఏం తట్టుకుంటాయి?

అందుకే ముందు బ్యాటరీ నెగటివ్, తర్వాత పాజిటివ్ తీసి పక్కకి కట్టేయాలి. కంపెనీ మాన్యువల్ చెప్పినచోట ఈసీయూ (బండిలోని కంప్యూటర్) ప్లగ్గులు కూడా పీకాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట పని అయితే మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. క్లాంప్ వెల్డ్ పెట్టే చోటికి వీలైనంత దగ్గరగా, పెయింట్ గీకి మెరిసే ఇనుము మీద పెట్టాలి. నా అనుభవంలో ఎక్కువ బళ్లు పాడయ్యేది ఇక్కడే. ఎలక్ట్రిక్ బండి అయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి శిక్షణ లేనివాళ్లు అసలు పోకూడదు.

ఇనుము సంగతీ చెప్పాలి. ఈ మధ్య బళ్లలో చాలా భాగాలు గట్టిదనం కోసం ప్రత్యేకంగా వేడి చేసి చల్లార్చిన ఉక్కు. మనం మళ్లీ కాలిస్తే వెల్డ్ పక్కన ఆ గట్టిదనం పోతుంది. అతుకు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, దాని పక్కన విరుగుతుంది. లారీ చాసిస్ రైలు (బండి అడుగున పొడవునా ఉండే ఉక్కు దూలం) పైఅంచు, కిందిఅంచుల మీద అడ్డంగా వెల్డ్ పెట్టమని ఎవరు అడిగినా నేను చేయను, పగులు అక్కడే మొదలవుతుంది కాబట్టి. జింకు పూత గీకకుండా కాల్చితే వచ్చే పొగకి రాత్రికి జ్వరం వస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరకముందే ఆర్క్ కొడితే పుట్టే గ్యాస్ ప్రాణాలే తీస్తుంది. పని అయ్యాక కూడా కనీసం అరగంట బండి పక్కనే ఉండాలి, కార్పెట్ కింద నిప్పు మంట కనబడకుండా రాజుకుంటుంది.

కంపెనీలకు ఒక్కటే విన్నపం. ఏ బండిలో ఏమేం పీకాలో, ఎక్కడ వెల్డింగ్ పెట్టకూడదో స్థానిక భాషలో ఒక స్టిక్కర్ బానెట్ కింద అతికించండి. మాన్యువల్ అందరికీ దొరకదు. ఓనర్లకు చెప్పేది, బ్యాటరీ తీస్తే గడియారం, పాటల సెట్టింగులు పోతాయని దయచేసి వద్దనకండి. వాటిని మళ్లీ పెట్టి ఇచ్చే పని కూడా నేనే చేస్తాను.

ఇట్లు,
ఒక వెల్డర్