అయిదు ఏడా, అయిదు తొమ్మిదా

బుచ్చిరెడ్డిపాళెం,
ఆదివారం

నాయనా,

పండక్కి వచ్చినప్పుడు మిల్లులో బస్తాల కాటా ఎక్కి 71 కిలోలు చూసుకున్నావు. ఫోన్లో ఏదో నొక్కి "బీఎంఐ 23, నార్మలే నాన్నా" అన్నావు. అప్పటికి సరేలే అనుకున్నా. నువ్వు చెన్నై వెళ్లాక అనుమానమొచ్చి, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే ఆ బీఎంఐ లెక్క మళ్లీ వేశాను. ముప్పై ఏళ్లుగా కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, లెక్కలో తేడా ఉందంటే నిద్ర పట్టదు.

తూకం సరిగ్గానే ఉంది. తప్పంతా ఎత్తులో. నువ్వు కొట్టింది అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. అది మనం పెళ్లి బయోడేటాలో రాసిన ఎత్తురా! నువ్వు డిగ్రీలో ఉన్నప్పుడు మీ అమ్మ నిన్ను గుమ్మానికి ఆనించి పెన్సిలుతో గీసిన గీత ఇంకా ఉంది. టేపు పెట్టి చూశా, 170 సెంటీమీటర్లు. అంటే అయిదు ఏడు. ఆ తర్వాత నువ్వు పెరిగింది అడ్డంగానే.

71ని 1.7తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.7తో భాగించు. 24.6 వస్తుంది. పెళ్లివారికి చెప్పిన మాట కాలిక్యులేటర్‌కి కూడా చెబితే ఎట్లా?

25 లోపే కదా అంటావు. ఆ 25 ప్రపంచం మొత్తానికి పెట్టిన గీత. మనవాళ్లకి తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగరు తొందరగా వస్తుంది. అందుకే మన డాక్టర్లు 23 దగ్గరే ఆపమంటారు. కింద 18.5 కంటే తగ్గకూడదు. నీ ఎత్తుకి 54 నుంచి 66 కిలోల దాకా ఎక్కడున్నా మంచిదే. ఒక్క అంకె పట్టుకుని వేలాడక్కర్లేదు.

అసలు ఈ లెక్క కనిపెట్టిన క్వెటెలె డాక్టరే కాదు. 1830లలో బెల్జియంలో జనం సగటు కొలతలు చూసిన గణితం పండితుడు. ఒక్కొక్కడి పొట్ట సంగతి ఆయన లెక్కలో లేదు.

నా సంగతే చూడు. అయిదు ఆరు ఎత్తు, 64 కిలోలు. బీఎంఐ 22.8, దివ్యంగా ఉంది. "సన్నగా ఉంటావు, నీకేంటి" అనేవాళ్లంతా. నలభై ఆరో ఏట కాలి పుండు నెల రోజులైనా మానకపోతే అప్పుడు తెలిసింది షుగరని. నేను 34 సైజు ప్యాంటే వేసేవాణ్ణి, కాకపోతే పొట్ట కిందికి. డాక్టరు పొట్ట మీద టేపు వేస్తే 38 అంగుళాలు!

మిల్లుకి పుట్టి వడ్లు వస్తే కాటా 850 కిలోలని చూపిస్తుంది. అందులో గింజెంత, తేమెంత అనేది దానికి తెలియదు. అందుకే కదా తేమ చూసే మిషను వేరే పెట్టుకున్నాం. మనిషికి ఆ మిషను టేపే. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టాలి. మగవాడికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చూసి మురిసిపోకు, నాలాగా మోసపోతావు.

ఇది చదివి రాత్రి తిండి మానేస్తావేమో, ఆ పని మాత్రం చెయ్యొద్దు. తగ్గాల్సింది అయిదు కిలోలు, వారానికి అరకిలో చొప్పున తగ్గినా చాలు. మెస్సులో రెండోసారి అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టు, పప్పూ కూరా వద్దనకు. సాయంత్రం గంటసేపు నడువు. మొన్న తీసుకెళ్లిన మలైకాజా డబ్బా ఆఫీసులో పంచానన్నావు. నేను నమ్మాను, మీ అమ్మ నమ్మలేదు.

ఉగాదికి వచ్చినప్పుడు మిల్లుకి వెళ్లక్కర్లేదు. టేపు మీ అమ్మ కుట్టు మిషను సొరుగులో ఉంటుంది.

మీ నాన్న