ఇద్దరు లక్ష్ములు, ఒకటే ఖాతా: సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: సరిపోల్చకుండానే కొత్త సాఫ్ట్‌వేర్ అమలు చేయడం గురించి.

అయ్యా,

మా పొదుపు సంఘంలో కె. లక్ష్మి పేరుతో ఇద్దరు సభ్యులున్నారు. ఒకరు కుట్టుపని చేస్తారు, మరొకరు విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఏప్రిల్ 1న మీ సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒక్కరిని చేసింది. మొదటావిడ అప్పు వాయిదా 2,400 రూపాయలు రెండో ఆవిడ పొదుపులోంచి కోత పడింది. "నేనెప్పుడు అప్పు తీసుకున్నాను బాబూ?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి వారం వారం పాస్‌బుక్ తెచ్చి చూపించుకుంటున్నారు. ఇలాంటి ఖాతాలు ఇప్పటికి 31 బయటపడ్డాయి.

మా లెడ్జర్లలో ఇద్దరినీ వేరు చేసేది సభ్యత్వ సంఖ్య. మీ వాళ్లు పేరు, ఊరు చూసి కలిపేశారు. ఈ ప్రమాదం ఉందని మా గుమాస్తా డిసెంబరులోనే చెప్పాడు. మీ రిస్కుల పట్టిక ఏడో వరుసలో అది ఉంది కూడా: "ఒకే పేరు గల సభ్యులు. అవకాశం: తక్కువ." బాధ్యుల పేరు రాయాల్సిన గడి ఖాళీ. తెలుగు ఊళ్లో లక్ష్ములు అరుదని ఎవరు లెక్కగట్టారో తెలుసుకోవాలనుంది.

ఒప్పందం ప్రకారం పాత, కొత్త పద్ధతులు మూడు నెలలు పక్కపక్కనే నడవాలి, రోజూ సాయంత్రం నిల్వలు సరిచూడాలి. అది నాలుగు రోజులకు కుదించుకుపోయింది. ఏప్రిల్ 1 కావాలని మా పాలకవర్గమూ పట్టుబట్టిన మాట నిజమే. ఆ తేదీ కోసం దేన్ని వదులుకుంటున్నామో చెప్పాల్సింది మాత్రం మీరు. తేడా వస్తే పాత పద్ధతికి ఎలా మళ్లాలని మార్చి 30న అడిగితే, "ఆ అవసరం రాదు" అన్నారు.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో ఖాతాలను కొత్త వ్యవస్థలోకి మార్చి, లక్షల మందిని ఇబ్బందిపెట్టింది. 2022లో దాదాపు 4.87 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. మొదటి సమావేశంలో ఈ కథ చెప్పి "మేం అలా చేయం" అన్నది మీ ప్రతినిధే.

పది రోజుల్లో ప్రతి ఖాతానూ సభ్యత్వ సంఖ్యతో సరిచూసి, కోతపడిన సొమ్ము జమచేయించండి. ఆ పట్టికలోని ఖాళీ గడుల్లో పేర్లు రాసి పంపండి. అంతవరకు మీ చివరి బిల్లు చెల్లించం.

పాత కంప్యూటర్‌ను అటక మీది నుంచి దింపించాం. సోమవారం నుంచి మా గుమాస్తా రెండింటిలోనూ పద్దులు రాస్తున్నాడు. అతని అదనపు వేతనం బిల్లు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
కార్యదర్శి